బౌండరీ వాటర్స్‌లో ఇంటిల్లిపాదీ కనూ క్యాంపింగ్, చేపల వేట: మొదటిసారి వెళ్ళేవాళ్ళకి సమగ్ర మార్గదర్శి

మిన్నెసోటా రాష్ట్రంలో మినియాపొలిస్ చుట్టుపక్కల ఉండే మన తెలుగు కుటుంబాలు ఎండాకాలం రాగానే డులూత్ వెళ్ళి, లేక్ సుపీరియర్ చూసి, ఫోటోలు దిగి వచ్చేస్తుంటారు. అక్కడి నుంచి ఇంకో రెండు గంటలు ఉత్తరానికి పోతే ఈలీ అనే చిన్న ఊరు వస్తుంది. ఆ ఊరు దాటాక మొదలయ్యేదే బౌండరీ వాటర్స్ కనూ ఏరియా వైల్డర్‌నెస్. దాదాపు 11 లక్షల ఎకరాల అడవి, వెయ్యికి పైగా సరస్సులు, ఆ పైన కెనడా. లోపల రోడ్డు ఉండదు, కరెంటు ఉండదు, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు, చాలా సరస్సుల్లో మోటారు పడవలకి కూడా అనుమతి లేదు. కనూ అనే సన్నటి, తేలికపాటి పడవలో తెడ్డు వేసుకుంటూ వెళ్ళాలి, ఒక సరస్సు అయిపోతే పడవని భుజాల మీద ఎత్తుకుని అడవి బాటలో నడిచి పక్క సరస్సులో దించాలి. ఆ బాటని పోర్టేజ్ అంటారు. ఇప్పుడు మనం నడిచే పోర్టేజీల్లో చాలావాటి మీద ఇక్కడి మూలవాసులైన ఒజిబ్వే ప్రజలు ఎన్నో తరాలుగా నడిచారు. వాళ్ళ తర్వాత బొచ్చు తోళ్ళ వర్తకులూ అవే దారులు వాడుకున్నారు.

పిల్లలతో, స్నేహితులతో ఇంతకంటే మంచి సెలవు నాకు తెలియదు. కాకపోతే మొదటిసారి వెళ్ళేవాళ్ళు మ్యాప్ చూసి ఉత్సాహంలో పెద్ద దారి వేసుకుంటారు, రెండో రోజుకే పిల్లలు ఏడుపు, పెద్దవాళ్ళు విసుగు. అందుకని ఈ గైడ్ మొత్తం ఒక్క మాట చుట్టూ రాస్తున్నాను: గుంపులో అందరికంటే ఓపిక తక్కువ ఉన్నది ఎవరో చూసి, వాళ్ళకి సరిపడా దారి వేయండి. మూడు రాత్రులు, ఒకటి రెండు చిన్న పోర్టేజీలు, ఒకే చోట మకాం. మిగతా టైమంతా చేపలకి, ఈతకి, పొయ్యి దగ్గర కబుర్లకి.

ఎంతమంది, ఎప్పుడు

ముందు తలలు లెక్కపెట్టండి. ఒక గుంపులో 9 మందికి మించి ఉండకూడదు, పడవలు 4 మించకూడదు. ఇది రాత్రి పడుకునే చోటికి మాత్రమే కాదు, నీళ్ళ మీదా, పోర్టేజ్ బాట మీదా, అన్ని వేళలా వర్తిస్తుంది. మన వాళ్ళు మూడు కుటుంబాలు కలిస్తే ఇట్టే 12 మంది అవుతారు. రెండు పర్మిట్లు తీసుకుని వెళ్ళొచ్చు, కానీ సాయంత్రం భోజనానికి ఒకే క్యాంపులో అందరూ చేరడం కూడా నిబంధన దాటడమే. అందుకని రెండు కుటుంబాలతో ఆగిపోవడం మేలని నా సలహా. నలుగురైదుగురు పెద్దవాళ్ళు, ముగ్గురు నలుగురు పిల్లలు, మూడు కనూలు. ఇది హాయిగా నడుస్తుంది.

కాలం సంగతికొస్తే, మే నెలలో చేపలు బాగా పడతాయి గానీ నీళ్ళు మంచు కరిగిన చలిలోనే ఉంటాయి, పడవ తిరగబడితే ప్రాణం మీదకి వస్తుంది. జూన్‌లో దోమలు, నల్లటి కుట్టే ఈగలు ముసురుకుంటాయి. జులై వెచ్చగా బాగుంటుంది, జనం కూడా ఎక్కువే. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఆగస్టు రెండో వారం నుంచి స్కూళ్ళు తెరిచేలోపు సరైన సమయం. దోమలు తగ్గుతాయి, నీళ్ళు ఈతకి వెచ్చగా ఉంటాయి, అడవిలో బ్లూబెర్రీలు ఇంకా దొరికినా దొరకొచ్చు.

పర్మిట్

మే 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు రాత్రి ఉండాలంటే కోటా పర్మిట్ కావాలి. ప్రతి ప్రవేశ ద్వారానికి రోజుకి ఇన్ని గుంపులు అని లెక్క ఉంటుంది. రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో జనవరి చివర్లో బుకింగ్ తెరుస్తారు, పేరున్న ద్వారాలు, వారాంతపు తేదీలు అప్పుడే అయిపోతాయి. వారం మధ్యలో, మంగళవారమో బుధవారమో మొదలుపెట్టేలా చూసుకుంటే దొరకడం చాలా సులువు. రిజర్వేషన్‌కి 6 డాలర్లు, ఆ పైన పెద్దవాళ్ళకి 16, పిల్లలకి 8 డాలర్ల చొప్పున కట్టాలి. ఇది రాత్రికి కాదు, మొత్తం ట్రిప్పుకి. బుక్ చేసే ముందు ఆ ఏడాది రేట్లు ఒకసారి సరిచూసుకోండి.

పర్మిట్ మీద లీడర్ పేరు ఉంటుంది, ప్రత్యామ్నాయ లీడర్ల పేర్లు కూడా ఇవ్వొచ్చు. తప్పకుండా ఇవ్వండి. ఆఖరి నిమిషంలో ఆఫీసు పని పడి లీడర్ రాలేకపోతే ఆ పేరు లేనివాళ్ళకి పర్మిట్ చేతికి ఇవ్వరు. మీకు ఇచ్చిన తేదీన, ఇచ్చిన ద్వారం నుంచే లోపలికి వెళ్ళాలి. ఒకసారి వెళ్ళాక ఎక్కడ తిరిగినా మీ ఇష్టం. క్యాంపు చోట్లకి మాత్రం రిజర్వేషన్ లేదు, ముందు వచ్చినవాళ్ళది. కాబట్టి మధ్యాహ్నం రెండు మూడింటికల్లా మకాం పట్టేయాలి.

ఇంకో మాట. 2021 ఆగస్టులో కార్చిచ్చుల వల్ల మొత్తం ప్రాంతాన్ని కొన్నాళ్ళు మూసేశారు. ఎండలు ఎక్కువైన ఏడాది పొయ్యి వెలిగించడం మీద నిషేధం కూడా పెడతారు. బయల్దేరే ముందు ఈ అడవిని చూసుకునే సుపీరియర్ నేషనల్ ఫారెస్ట్ వాళ్ళ ప్రకటనలు చూసుకోండి, గ్యాస్ స్టవ్ ఎలాగూ దగ్గర ఉంచుకోండి.

దారి

పోర్టేజీల పొడవు ఇక్కడ రాడ్లలో చెప్తారు. ఒక రాడ్ అంటే 16.5 అడుగులు, ఇంచుమించు ఒక కనూ పొడవు. 320 రాడ్లు ఒక మైలు. మ్యాప్ మీద 30, 40 అని కనిపిస్తే భయం లేదు. 100 దాటితే పిల్లలతో ఆలోచించాలి.

మొదటిసారికి నేను చెప్పేవి రెండు ద్వారాలు. ఒకటి, ఈలీకి తూర్పున ఉన్న లేక్ వన్. అక్కడి నుంచి 50 రాడ్ల లోపు పోర్టేజీలు రెండు దాటితే లేక్ టూ, అక్కడి నుంచి పడవ దిగకుండానే లేక్ త్రీ. వాలై చేపలకి మంచి పేరున్న నీళ్ళు. లేక్ వన్‌లో దీవులు, మూలలు ఎక్కువ, దారి తప్పడం చాలా తేలిక, కాబట్టి మ్యాప్ ముందున్నవాళ్ళ ఒడిలోనే ఉండాలి. 2011 పగామీ క్రీక్ మంటల్లో ఈ వైపు చాలా అడవి కాలిపోయింది, కాలిన మోళ్ళ మధ్య పైకి లేస్తున్న జాక్ పైన్ చెట్లని పిల్లలకి చూపించండి.

రెండోది, లేక్ సుపీరియర్ ఒడ్డున ఉన్న టోఫ్టీ అనే ఊరి నుంచి 24 మైళ్ళు లోపలికి వెళ్తే వచ్చే సాబిల్ లేక్. ఇందులో పోర్టేజ్ ఒక్కటీ చేయకుండానే క్యాంపు దొరుకుతుంది, ఓపిక ఉంటే 30 రాడ్లు నడిచి ఆల్టన్ లేక్‌కి పోవచ్చు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే, మోకాళ్ళ నొప్పులు ఉన్నా సరే, వాళ్ళని ఇక్కడికి తీసుకెళ్ళొచ్చు.

వాటర్‌ప్రూఫ్ కాగితపు మ్యాప్ కొనండి. ఫిషర్, మెకెంజీ అని రెండు రకాలున్నాయి, రెండింటిలోనూ క్యాంపు చోట్లు, పోర్టేజీ పొడవులు ఉంటాయి. ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ అదనంగా ఉండనివ్వండి. శాటిలైట్ మెసెంజర్ ఒకటి అద్దెకైనా తీసుకోండి, ఇంట్లో ఉన్నవాళ్ళకి టెన్షన్ తగ్గుతుంది.

పడవ, సామాను

పడవలు కొనక్కర్లేదు, ఈలీ, గ్రాండ్ మరే, టోఫ్టీ వైపు అద్దెకిచ్చే దుకాణాలున్నాయి. అల్యూమినియం కనూ 70 పౌండ్ల పైమాటే, కెవ్లార్ అనే గట్టి పీచుతో చేసింది 42 పౌండ్ల దగ్గర ఉంటుంది. అద్దె ఎక్కువైనా కెవ్లార్ తీసుకోండి, ఇక్కడ పొదుపు చేయొద్దు. కాకపోతే దాన్ని రాళ్ళ మీదకి ఈడ్చకూడదు. మోకాళ్ళ లోతు నీళ్ళలోనే దిగిపోయి, సామాను దించి, తేలుతున్న పడవని ఎత్తుకోవాలి. అంటే కాళ్ళు తడవడం ఖాయం. పగలంతా తడిసే బూట్లు ఒక జత, క్యాంపులో పొడి బూట్లు ఒక జత పెట్టుకుంటే చాలు.

ఎత్తే పద్ధతి ఇంటి దగ్గర పార్కులో ఒకసారి చేసి చూడండి. పడవ పక్కన నిలబడి, మధ్య అడ్డకర్రని పట్టుకుని తొడల మీదకి లాక్కుని, అవతలి అంచు అందుకుని, మోకాళ్ళతో ఒక్క ఊపు ఇచ్చి తల మీదుగా తిప్పి భుజాల మీద దించుకోవాలి. మొదట్లో ఇంకొకరు ముందు భాగాన్ని పైకి పట్టుకుంటే, మీరు వెనక నుంచి కిందకి దూరి భుజం పెట్టొచ్చు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, నడుము బాగుండటం ముఖ్యం.

సామాను ఎందుకు తగ్గించాలో చిన్న లెక్క చెప్తాను. ఒకేసారిలో అన్నీ మోసేస్తే 100 రాడ్ల బాట 100 రాడ్లే. రెండో విడత మోయాల్సి వస్తే ఒకసారి వెళ్ళి, ఖాళీగా వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళాలి, అది 300 రాడ్లు. ఒక్కో కుటుంబానికి రెండు పెద్ద సంచులు, ఒక తిండి సంచి, అంతే. కుర్చీలు, బ్లూటూత్ స్పీకర్, పెద్ద కూలర్ ఇంట్లో వదిలేయండి. జీన్స్ కూడా వద్దు, తడిస్తే ఆరవు. వాన కోటు, ఒక ఉన్ని చొక్కా, హెడ్‌ల్యాంప్, దోమల మందు, తాడు, పొయ్యి దగ్గర పైన కట్టుకునే టార్పాలిన్, ఇవి తప్పనిసరి. వాన పడే రోజు ఆ టార్పాలిన్ కిందే మీ ఇల్లు.

తిండి

డబ్బా టిన్నులు, గాజు సీసాలు లోపలికి తీసుకెళ్ళడం నిషేధం. కాబట్టి ఆవకాయ సీసాతో సహా అంతా ప్లాస్టిక్ డబ్బాల్లోకి, జిప్ కవర్లలోకి మార్చుకోవాలి. మన వంటల్లో ఈ ట్రిప్పుకి పనికొచ్చేవి చాలా ఉన్నాయి. మొదటి రోజుకి ఇంటి నుంచి కలిపి తెచ్చిన చింతపండు పులిహోర. పొద్దున్న టిఫిన్‌కి, వేయించిన రవ్వలో ఎండు కరివేపాకు, పోపు గింజలు, ఉప్పు ముందే కలిపేసిన ఉప్మా, నీళ్ళు మరగబెట్టి పోస్తే అయిపోతుంది. అటుకులు, కందిపొడి, నెయ్యి, చపాతీలు, వేరుశనగ చిక్కీ. పెసరపప్పు తొందరగా ఉడుకుతుంది, కందిపప్పు గ్యాస్ తాగేస్తుంది, వదిలేయండి. ప్రతి పూటకీ ఒక కవర్ కట్టి మీద పేరు రాయండి, అక్కడ వెతుక్కునే పని ఉండదు. చేపలు పడతాయని నమ్మి ఒక పూట భోజనం మానేయొద్దు, చేపలు పడని రోజులు ఉంటాయి.

నీళ్ళ మీద

లైఫ్ జాకెట్ అందరికీ, ఎప్పుడూ, ఈత వచ్చినా సరే. మిన్నెసోటా చట్టం ప్రకారం పదేళ్ళలోపు పిల్లలు పడవ కదులుతున్నప్పుడు వేసుకునే ఉండాలి, పెద్దవాళ్ళకి పడవలో ఉంటే చాలు. ఆ వెసులుబాటు మీరు వాడుకోకండి, నాన్న వేసుకోని జాకెట్ కొడుకు వేసుకోడు.

బలమైనవాళ్ళు వెనక కూర్చుని దిశ చూసుకుంటారు, ముందున్నవాళ్ళు వేగం ఇస్తారు, చిన్నపిల్లలు మధ్యలో కింద కూర్చుంటారు, బరువు సామాను పడవ అడుగున. లేచి నిలబడకూడదు. గాలి సాధారణంగా పొద్దున్నే తక్కువ, మధ్యాహ్నానికి పెరుగుతుంది, కాబట్టి పెద్ద సరస్సు దాటేదుంటే తొమ్మిదిలోపు దాటేయండి, మిగతాప్పుడు ఒడ్డు పట్టుకుని వెళ్ళండి. అలల తలలు తెల్లగా విరుగుతుంటే ఒడ్డుకి చేరి టీ పెట్టుకుని ఆగండి. ఉరుము వినపడితే వెంటనే ఒడ్డుకి.

మకాం

గుర్తించిన క్యాంపు చోట్లలోనే ఉండాలి, మొత్తం మీద ఇలాంటివి 2,000 దాకా ఉన్నాయి. ప్రతి చోటా ఒక ఇనుప పొయ్యి, కొంచెం లోపలికి నడిస్తే గోడలు, పైకప్పు లేని మరుగుదొడ్డి పెట్టె ఉంటాయి. పిల్లలకి ఆ సంగతి ముందే చెప్పి తీసుకెళ్ళండి, అక్కడికి వెళ్ళాక ఆశ్చర్యపోకూడదు. టెంటు వేసే ముందు తల పైకెత్తి ఎండిన కొమ్మలు, వాలిన చెట్లు లేవని చూసుకోండి. కట్టెలు నేల మీద పడినవి మాత్రమే ఏరుకోవాలి. గిన్నెలు, ఒళ్ళు సబ్బుతో కడుక్కునేది ఏదైనా సరే నీళ్ళకి 150 అడుగుల దూరంలో. తాగే నీళ్ళు సరస్సువే, కానీ ఫిల్టర్ చేసో, మరిగించో తాగాలి. నీళ్ళు లేత టీ రంగులో ఉన్నా కంగారుపడొద్దు, అది చిత్తడి నేలల నుంచి వచ్చే రంగు.

నల్ల ఎలుగుబంట్లు ఉంటాయి. మనుషుల కంటే వాటికి మన తిండి మీదే ధ్యాస. తిండి, టూత్‌పేస్ట్, సబ్బు, చెత్త, వాసన వచ్చేది ఏదైనా ఎలుగుబంటి తెరవలేని ధృవీకరించిన డబ్బాలో పెట్టాలి, లేదా 12 అడుగుల ఎత్తున, చెట్టు మానుకి 6 అడుగుల దూరంగా వేలాడదీయాలి. అలా వేలాడదీసే కొమ్మ చీకట్లో దొరకదు, అందుకే నేను డబ్బాకే ఓటేస్తాను. చాలామంది మోసుకెళ్ళే నీలం ప్లాస్టిక్ పీపాలు ఆ ధృవీకరణ కిందకి రావు, వాటిని వేలాడదీయాల్సిందే. టెంటులో బిస్కెట్ ముక్క కూడా ఉంచొద్దు.

గాలం

అసలు సరదా ఇక్కడుంది. 16 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ మిన్నెసోటా లైసెన్స్ ఉండాలి. భార్యాభర్తలకి కలిపి ఇచ్చే లైసెన్స్ ఉంది, బయటి నుంచి వచ్చినవాళ్ళకి 24 గంటలవి, మూడు రోజులవి, వారానివి కూడా ఉన్నాయి. ఏ చేపకి ఎప్పుడు సీజన్, ఎన్ని ఉంచుకోవచ్చు అన్నది ఆ ఏడాది నిబంధనల పుస్తకంలో చూసుకుని, ఫోన్‌లో దాచుకోండి.

దొరికేవి ముఖ్యంగా మూడు. వాలై, రుచిలో రాజు. స్మాల్‌మౌత్ బాస్, పిల్లలకి బోలెడు సరదా ఇచ్చే పోరాట చేప. నార్తర్న్ పైక్, పెద్ద పళ్ళ చేప, దారం కొరికేస్తుంది కాబట్టి కొక్కెం ముందు ఉక్కు తీగ (దీన్నీ లీడర్ అనే అంటారు) కట్టుకోవాలి. లేక్ ట్రౌట్ కూడా ఉంది గానీ వేసవిలో బాగా లోతుకి పోతుంది, మొదటి ట్రిప్పులో దాని జోలికి పోవద్దు.

ఆరు, ఆరున్నర అడుగుల, రెండు ముక్కలుగా విడిపోయే గాలం కర్ర (రాడ్), 8 పౌండ్ల బరువు ఆపే దారం, కొన్ని చిన్న జిగ్‌లు (తల దగ్గర బరువున్న కొక్కేలు), దారం మీద జారే బెండ్లు, చిన్న కొక్కేలు, సీసం గుళ్ళు, చెంచా ఆకారంలో మెరిసే రేకు ఎరలు రెండు మూడు, పొడవు మూతి పట్టకారు. పెట్టె చిన్న టిఫిన్ బాక్స్ అంత ఉంటే చాలు. వేసవిలో ఎర అంటే జలగలే. ఈలీలో ఎర దుకాణాల్లో అమ్ముతారు.

వాలై కంటికి మసక వెలుతురులో బాగా కనిపిస్తుంది, చిన్న చేపలకి కనిపించదు, అందుకే పొద్దు వాలే వేళ ఒడ్డు దగ్గరకి వేటకి వస్తుంది. మీరు చేయాల్సింది: సూర్యుడు చెట్ల వెనక్కి దిగే ముందు క్యాంపు దగ్గరి రాతి ముక్కు చివరికో, నీటిలో మునిగిన గుట్ట అంచుకో వెళ్ళండి. 8 నుంచి 15 అడుగుల లోతు ఉండేచోట సంచిలో రాయి వేసి తాడు కట్టి లంగరు దించండి. దారం మీద బెండుని ఆపే దారపు ముడిని జరిపి, ఎర నేలకి ఒక అడుగు పైన వేలాడేలా లోతు సరిచేయండి. జలగ లావు చివర చప్పరించే పట్టు ఉంటుంది, కొక్కెం అక్కడ ఒక్కసారి గుచ్చితే అది నీళ్ళలో ఈదుతూ ఉంటుంది. విసిరి, ఊరికే చూస్తూ కూర్చోండి. బెండు మునిగిందంటే గబుక్కున లాగకండి. వదులు దారం చుట్టుకుంటూ బరువు తెలిసేదాకా ఆగి, అప్పుడు రాడ్‌ని పక్కకి గట్టిగా ఊపండి. ఈ ఒక్క ఓపిక నేర్పితే ఎనిమిదేళ్ళ పిల్ల కూడా చేప పట్టేస్తుంది.

కనూలో ఒకసారికి ఒక్కరే విసరాలి, విసిరే ముందు గట్టిగా చెప్పాలి, అందరికీ టోపీ, కళ్ళద్దాలు ఉండాలి. కొక్కెం గుచ్చుకుంటే ఆసుపత్రి చాలా దూరం. వదిలేసే చేపని తడిచేత్తోనే పట్టుకోండి. పెద్దవి చాలావరకు గుడ్లు పెట్టే ఆడ చేపలు, వాటిని వదిలేసి 14 నుంచి 17 అంగుళాలవి వండుకోండి. పాదరసం కూడా పెద్ద చేపల్లోనే ఎక్కువ చేరుతుంది, పిల్లలకి, గర్భిణులకి ఎంత పెట్టొచ్చో రాష్ట్రం సూచనలు ఇచ్చింది, చదవండి. మిగిలిన ఎరని సరస్సులో గానీ నేల మీద గానీ పారబోయకండి. వానపాములు కూడా ఈ ఉత్తరాది అడవులకి పరాయివే, చెత్త సంచిలో వేసి బయటకి తీసుకురండి.

వేపుడు

చేపని తెడ్డు వెడల్పు మీద పెట్టి, మొప్పల వెనక వెన్ను తగిలేదాకా కత్తి దించి, అక్కడి నుంచి అడ్డంగా తిప్పి వెన్నెముక మీదుగా తోక దాకా కోయండి. తర్వాత తోలుకీ కండకీ మధ్య కత్తి పోనిచ్చి కండని విడదీయండి. మధ్యలో వేలితో తడిమితే సన్నటి ముళ్ళ వరస తెలుస్తుంది, దానికి అటూ ఇటూ కోసి తీసేస్తే పిల్లలకి భయం లేకుండా పెట్టొచ్చు. పైక్‌లో ముళ్ళు కొమ్మలు చీలి ఉంటాయి, జాగ్రత్త.

ఇంట్లోనే కారం, పసుపు, ఉప్పు, ధనియాల పొడి, ఎండు అల్లం వెల్లుల్లి పొడి, బియ్యప్పిండి కలిపి కవర్లో తెచ్చుకోండి. చేప ముక్కలు అందులో వేసి ఊపి, కాగిన నూనెలో ఒక్కో పక్క రెండు మూడు నిమిషాలు. పైన నిమ్మకాయ. పులుసు కావాలంటే చింతపండు గుజ్జు, ఎండు ఉల్లిపాయ తెచ్చుకోండి, వాలై కండ మెత్తన, గరిటె పెట్టకుండా గిన్నెని పట్టుకుని తిప్పండి. వంట చీకటి పడకముందే ముగించి వాసన అంటిన గిన్నెలు కడిగేయండి. వాడిన నూనె చల్లారాక సీసాలో పోసి తీసుకొచ్చేయాలి. చేప తుక్కుని నీళ్ళలో వేయడం చట్టవిరుద్ధం, క్యాంపుకీ, బాటకీ, నీటికీ 150 అడుగులకి పైగా దూరంగా అడవిలో పూడ్చండి.

తిరుగు ప్రయాణం

ఆఖరి రోజు పొద్దున్నే లేచి, పొయ్యిలో నిప్పు మీద నీళ్ళు పోసి, కలిపి, చేత్తో ముట్టుకుని చల్లబడిందని చూసుకున్నాకే కదలండి. పొయ్యిలో కాలని రేకు ముక్కలు ఏరి సంచిలో వేసుకోండి. ఒడ్డుకి చేరాక పడవకి అంటిన నాచు తీసేసి, లోపలి నీళ్ళు వంచేసి, గాలం సామాను తుడవండి, లేదంటే పరాయి జీవులు ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి మనతోనే ప్రయాణం చేస్తాయి. కారెక్కే ముందు పిల్లల చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ళ వెనక పిడుదులు ఉన్నాయేమో చూడండి, ఇక్కడి జింక పిడుదులతో లైమ్ జబ్బు వస్తుంది. ఇంటికి వెళ్ళాక ఎంత అలసటగా ఉన్నా టెంట్లు ఆరేయండి, తడి మీద రెండు రోజులు మడతపెట్టి ఉంచితే బూజు పట్టి పనికిరాకుండా పోతాయి.